బస్తరు తేరు: పాత బండిని నిలుపుకొనే రెండు మార్గాలు

మన దేవాలయ పట్టణాలలో తేరు తిరిగే వీధికి ఇంగ్లీషు కాగితాలలో 'కార్ స్ట్రీట్' అని పేరు. రథోత్సవాన్ని ఆ భాషవారు 'కార్ ఫెస్టివల్' అన్నారు. మోటారు బండి ఇంకా పుట్టని రోజులలోనే మన తేరుకు ఆ మాట దక్కినది. తరువాత గుఱ్ఱం లేకుండా నడిచే బండి వచ్చి ఆ మాటను తన సొంతం చేసికొన్నది. ఈనాడు కారు అన్నప్పుడు ఎవరికీ తేరు స్ఫురించదు. పూరీ జగన్నాథుని పేరు సైతం ఆ భాషలోనికి 'జగ్గర్‌నాట్' అనే రూపంలో చేరి, అడ్డువచ్చిన దానినెల్ల నలిపివేసే శక్తికి పర్యాయపదమైనది. అనువాదం చేసేవారు ఆగి చూడవలసిన చోట్లు ఇట్టివి. ఒకే మాట క్రింద రెండు బండ్లు ఉన్నవి. రెండూ కాలక్రమాన పాతబడేవే. రెంటినీ నిలుపుకోవాలని మనుషులు పాటుపడుతూనే ఉన్నారు. కాని ఆ పాటుపడే పద్ధతులు ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తవి. ఆ భేదాన్ని బస్తరు రథం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బస్తరు ఈనాడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉన్నా, దాని చరిత్రకు ఓరుగల్లుతో ఉన్న సంబంధం మనవారు ఎరుగనిది కాదు.

మొదట మోటారు బండి సంగతి చూతము. పాత కార్లను సేకరించేవారి విద్య మూడు అంగాలు గలది: గుర్తుపట్టడం, సంపాదించడం, కాపాడడం. గుర్తుపట్టడం ఒక విధంగా శాసన పరిశోధన వంటిదే. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో గొప్పవారి బండ్లకు ఛాసీ, ఇంజను ఒక సంస్థ చేస్తే, పైన బాడీ మరొక సంస్థ కట్టేది. కావున బండి నిజమైనదా కాదా అని తేల్చుకొనడానికి ఛాసీ మీది సంఖ్య, ఇంజను మీది సంఖ్య, బాడీ కట్టినవారి పేరుపలక మూడూ పొసగుతున్నవో లేదో చూడవలె. రేడియేటరు ఆకారం, దీపాల తీరు, చక్రాల కమ్మీలు ఇవన్నీ లిపి పరిణామం వలె కాలాన్ని చెప్పుతవి. ఇక కాపాడడం శ్రమతో కూడినది. బండిని కదలకుండా నిలిపితే రబ్బరు బిరుసెక్కి పగులుతుంది, పెట్రోలు జిగటపడి సన్నని గొట్టాలను మూసివేస్తుంది. అందుచేత అప్పుడప్పుడు నడుపుతూ ఉండవలె. నడిపితే అరుగుతుంది, నడపకపోతే చెడుతుంది. ఈ ధర్మసంకటం పాత బండి గలవారందరూ ఎరిగినదే.

ఈ విద్యకు మన ప్రాంతంలో ప్రసిద్ధమైన ఉదాహరణం నిజాముల సింహాసన శకటం. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ వారికి దానిని పురమాయించి, అది చేతికి రాకముందే 1911 ఆగస్టులో చనిపోయినాడు. బండి ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాదు చేరినది. 'సిల్వర్ ఘోస్ట్' అని పేరొందిన ఛాసీ మీద బార్కర్ సంస్థ బాడీ కట్టినది. పసుపుపచ్చని రంగు, వెనుక సింహాసనం వంటి ఎత్తైన పీఠం, దానిపై గోపురాన్ని తలపించే కప్పు. రాజు ఊరేగడానికి చేసిన బండి గనుక దానిని మోటారు అనడం కంటె రథం అనడమే సరి. అయినా అది తిరిగిన దూరం బహు స్వల్పం. చాలాకాలం మూలపడి ఉండి, మన కాలంలో బాగుచేయబడి, చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనకు నిలిచినది. చూడవచ్చినవారు దాని చుట్టూ తిరుగుతారు, ఛాయాచిత్రాలు తీసికొంటారు. రథం నిలిచి ఉన్నది, ఊరేగింపు మాత్రం లేదు.

ఈ మార్గానికి చట్టం కూడా ఏర్పడినది. 2021 జూలైలో భారత ప్రభుత్వం కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, తొలి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటిన కార్లకు, ద్విచక్ర వాహనాలకు ప్రత్యేకమైన స్థానం కల్పించినది. ఛాసీలోను, బాడీలోను, ఇంజనులోను గణనీయమైన మార్పు చేయక, మొదటి రూపంలోనే ఉంచినవై ఉండవలెనని నియమం. వాటి సంఖ్యలో 'వీఏ' అనే అక్షరాలు చేరుతవి. కొత్తగా నమోదు చేయడానికి 20,000 రూపాయలు, మళ్ళీ నమోదుకు 5,000 రూపాయలు రుసుము. ప్రదర్శనకు, పందేలకు, మరమ్మతుకు, చమురు పోయించుకొనడానికి మాత్రమే అవి రోడ్డెక్కవచ్చును గాని నిత్యం తిరగడానికి వీలులేదు. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టూరిన్ నిబంధనావళి సైతం మూలపదార్థాన్ని వీలైనంతవరకు కదల్చరాదనే చెప్పినది. అయితే బండి నడవడం దాని స్వభావమనీ, నడిపించే నేర్పు కూడా కాపాడవలసినదేననీ అందులో ఒప్పుకొన్నారు. ఇది గమనింపదగిన మాట. ఇనుమును కాపాడుతూ పోయినవారు చివరకు చేతిపని దగ్గరకు వచ్చి ఆగినారు.

అసలు ఒక బండి ఎప్పుడు పాతది అవుతుంది? అంబాసడర్ కారు కథ దీనికి జవాబు చెప్పుతుంది. 1957లో బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో దాని తయారీ మొదలైనది. అర్ధశతాబ్దికి పైగా ఆ బండి మంత్రికీ, వైద్యునికీ, టాక్సీ నడుపుకొనేవానికీ ఒక్కటే. ఎంత అరిగినదైనా ఆ రోజులలో దానిని ఎవరూ పురాతన వస్తువుగా చూడలేదు. ప్రతి ఊరిలోను దానిని విప్పి బిగించగల మేస్త్రీ ఉండేవాడు, విడిభాగం అంగడిలో దొరికేది. 2014 మే నెలలో కర్మాగారం మూతపడినది. ఆ నాటినుండి అంబాసడర్ పాతబండి అయినది. రోడ్డుమీది బండిలో ఆ ఒక్క రోజున ఏ మార్పూ రాలేదు. దానిని చేసే చేతులు ఆగిపోయినవి, అంతే. వస్తువు పాతబడడం దాని వయస్సును బట్టి కాక, దానిని మళ్ళీ చేయగలవారు లేకపోవడాన్ని బట్టి జరుగుతుందని నాకు తోచినది. ఈ సూత్రం సరియైనదైతే, చేసేవారు తరతరాలుగా ఉన్నంతకాలం ఒక బండి ఎన్నడూ పాతబడకూడదు. అట్టి బండి ఎక్కడైనా ఉన్నదా?

మన తేరులలోనే దాని ఛాయ ఉన్నది. కోనసీమలోని అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో అర్ధరాత్రివేళ తన షెడ్డులోనే కాలిపోయినది. సుమారు ఆరు దశాబ్దాలనాటి టేకు రథం అది. రాష్ట్రమంతటా ఆవేదన వెల్లువెత్తినది. ఆ తరువాత కొద్ది నెలలలోనే కొత్త రథం కట్టి, 2021 ఫిబ్రవరి ఉత్సవాలకు సిద్ధం చేసినారు. భక్తులకు అది స్వామి రథమే. కాలిపోయిన మోటారు బండి స్థానంలో అచ్చంగా అటువంటిదే మరొకటి చేసిపెడితే సేకర్తలు దానిని నకలు అంటారు. తేరు విషయంలో ఆ మాట వినబడదు. అయితే అంతర్వేదిలో కొత్త రథాన్ని కట్టించినది ఒక విపత్తు. విపత్తు ఏమీ లేకుండానే, నియమంగా, కాలానికి కట్టుబడి రథాన్ని కొత్తగా కట్టుకొనే చోటు బస్తరు.

బస్తరుకు మనకు గల సంబంధాన్ని ముందు జ్ఞప్తికి తెచ్చుకొందము. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైనది. బందీగా తీసికొనిపోబడుతున్న ప్రతాపరుద్రుడు దారిలోనే మరణించినాడు. ఆయన సోదరుడైన అన్నమరాజు గోదావరి దాటి, ఇంద్రావతీ నదీ ప్రాంతపు అడవులలో కొత్త రాజ్యం నెలకొల్పినాడని బస్తరు రాజుల వంశకథనం. దీనికి ఆధారంగా చూపేది దంతేవాడ శాసనం. 1703లో దిక్పాలదేవుడు వేయించిన ఆ శాసనం తన వంశాన్ని కాకతి ప్రతాపరుద్రునితోను, ఓరుగల్లు విడిచివచ్చిన అన్నమరాజుతోను ముడిపెట్టినది. దంతేశ్వరీదేవి ఆ వంశానికి కులదైవం, ఆ రాజ్యానికి అధిదేవత.

ఆ శాసనంలో రచయితలకు మరింత ప్రీతి కలిగించే విషయం ఒకటున్నది. అది ఒక రాతి మీద సంస్కృతంలోను, మరొక రాతి మీద దేశభాషలోను చెక్కబడినది. రెండవది ఎందుకు చెక్కవలసివచ్చినదో అందులోనే చెప్పినారు: కలియుగంలో సంస్కృతం చదవగలవారు కొద్దిమందే గనుక భాషలో వ్రాయించినామని. అనువాదానికి ఇంతకంటె సూటియైన సమర్థనను నేను వేరొక రాతి మీద ఎరుగను. మొదటి రాయి చెక్కుచెదరక నిలిచినా, చదివేవారు లేకపోతే అది మూగదేనని ఆ రాజాస్థానం గ్రహించినది. ఉన్నదానిని ఉన్నట్లు ఉంచడం ఒక పని. కాలానికి తగిన కొత్త పదార్థంలో దానిని మళ్ళీ చేయడం మరొక పని. దంతేవాడలో రెండు పనులూ ప్రక్కప్రక్కనే జరిగినవి. రథం విషయంలో మాత్రం బస్తరు రెండవ దారినే ఎంచుకొన్నది.

రథం కథ అన్నమరాజు తరువాతి తరాలలో పురుషోత్తమదేవునితో ప్రారంభమవుతుంది. 15వ శతాబ్ది ఆరంభంలో ఆ రాజు సాష్టాంగపడుతూ పూరీకి యాత్రచేసి, జగన్నాథుని సన్నిధిలో 'రథపతి' అనే బిరుదును, రథాన్ని పొంది తిరిగివచ్చినాడని అక్కడి సంప్రదాయం. పదహారు చక్రాల ఆ రథం అడవిదారులలో కదలడం దుష్కరం గనుక నాలుగు చక్రాలు జగన్నాథునికి వేరుపరచి, పన్నెండు చక్రాల రథాన్ని దంతేశ్వరికి సమర్పించినారట. ఆ పన్నెండు కూడా బరువై, పిమ్మట ఎనిమిది చక్రాల రథమూ, నాలుగు చక్రాల రథమూ అని రెండుగా ఏర్పడినవట. జగన్నాథుని భాగం నేటికీ ఆషాఢంలో జరిగే గోంచా ఉత్సవంగా నిలిచినది. దేవి భాగమే బస్తరు దసరా రథం. కథలోని లెక్కలను చరిత్రగా పట్టుకొనవలసిన పనిలేదు. కాని ఒక సంగతి అందులో స్పష్టం. తెచ్చుకొన్న బండిని తమ నేలకు, తమ దారికి తగినట్లు మార్చుకొనడం దోషమని ఆ సంప్రదాయం తలచలేదు. మార్చినందుకే అది నిలిచినదని చెప్పుకొన్నది.

బస్తరు దసరాలో రాముడు లేడు, రావణుడు లేడు, దహనం లేదు. అది దేవి పండుగ. 75 దినాలు సాగుతుందని ప్రతీతి. ఆ దినాలలో ఎక్కువభాగం రథం కట్టడానికే సరిపోతవి. శ్రావణ అమావాస్యనాడు బిలోరి గ్రామంనుండి తెచ్చిన మొద్దును జగదల్పూరులోని దంతేశ్వరి గుడి ముందు పూజించడంతో పని ఆరంభం. దీనిని పాట్ జాత్రా అంటారు. తరువాత సిరహాసార్ అనే మండపంలో గుగ్గిలం కొమ్మలు పాతి, అడవినుండి గుగ్గిలం, తిన్సా మ్రాకులు తెస్తారు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు, కమ్మరులు వచ్చి రథశిల్పానికి పూనుకొంటారు. బాడిసకు పూజ చేసి పని మొదలుపెడతారు. చక్రానికి నడుమ ఇరుసు దూర్చే రంధ్రం తొలిచేటప్పుడు నార్ ఫోడ్నీ అనే ప్రత్యేకమైన క్రతువు ఉన్నది. కరంజి, సోనాబాల్, కేసర్‌పాల్ గ్రామాలవారు సియాడి తీగ నారతో రథానికి త్రాళ్ళు పేనుతారు. సియాడి అన్నది మనకు తెలియనిది కాదు, విస్తళ్ళు కుట్టుకొనే అడ్డాకు ఆ తీగదే. ఆకు మన విందులో, నార వారి రథానికి. అడవి ఒక్కటే.

ఇక్కడ గమనించవలసిన నియమం ఒకటున్నది. రెండు రథాలలో ఒక ఏడు నాలుగు చక్రాల పూలరథాన్ని, మరుసటి ఏడు ఎనిమిది చక్రాల విజయరథాన్ని కొత్తగా కడతారు. ఏ రథమైనా రెండు దసరాలకంటె ఎక్కువ సేవచేయదు. పూరీలో మూడు రథాలనూ ఏటేటా కొత్తగా కడతారు, జపానులోని ఇసే దేవాలయాన్ని ఇరవై ఏండ్లకొకసారి కొత్తగా నిర్మిస్తారు, అట్టి నిర్మాణం 62వ పర్యాయం 2013లో జరిగినది. బస్తరువారి నియమంలో లోతైన వివేకం కనబడుతుంది. పనివానికి ప్రతి సంవత్సరమూ పని ఉంటుంది. పెద్దరథం చేసే చేయి రెండేండ్లలో మరల ఆ పనికి వస్తుంది. కొడుకు తండ్రి ప్రక్కన నిలిచి యౌవనంలోనే అనేక రథాలు చూస్తాడు, మరచిపోవడానికి వ్యవధి ఉండదు. కొయ్య వయస్సు రెండేండ్లకు మించదు, విద్య వయస్సు శతాబ్దాలు. సేకర్త బండిని కాపాడుతాడు. బస్తరువారు బండి చేయడాన్ని కాపాడుతున్నారు.

మరి ఈ రథం ఎవరిది? మోటారు బండికి యజమాని పేరు ఒక కాగితం మీద ఉంటుంది. బస్తరు రథానికి అట్టి కాగితం వ్రాయబూనితే ఎన్ని పేర్లు వ్రాయాలో తెలియదు. పండుగ సాగడానికి మొదట కాచిన్‌దేవి అనుమతి కావలె. ఆ దేవి మిర్‌గాన్ కులపు బాలికపై ఆవేశించి, ముండ్ల ఉయ్యెలపై పరుండి రాజుకు అనుమతి ఇస్తుంది. ఆమాబాల్ గ్రామానికి చెందిన హల్బా యువకుడు సిరహాసార్‌లో త్రవ్విన గుంటలో నవరాత్రులూ కదలకుండా జోగియై కూర్చుంటాడు. జగదల్పూరు చుట్టుపట్ల గ్రామాలవారు పూలరథాన్ని లాగుతారు. విజయరథాన్ని లాగే హక్కు కిలేపాల్ ప్రాంతపు మాడియాలది. బాలిక ఒప్పనిదే పండుగ లేదు, త్రాడు పట్టేవారు రానిదే రథం లేదు. ఇక్కడ యాజమాన్యమంటే హక్కులకంటె ముందు వంతులు, బాధ్యతలు.

దీనిని మరింత విస్పష్టం చేసేది రథచౌర్యం. విజయదశమి రాత్రి 'భీతర్ రైనీ' అనే ఘట్టంలో రథప్రదక్షిణం ముగిసిన తరువాత మాడియాలు ఎనిమిది చక్రాల రథాన్ని దొంగిలించి, ఊరి వెలుపలి కుమ్డాకోట్ వనానికి లాగుకొనిపోతారు. మరునాడు 'బాహర్ రైనీ'. రాజు అక్కడికి వెళ్ళి, కొత్తబియ్యపు అన్నాన్ని వారితో కలిసి తినవలె. అప్పుడే రథం తిరిగి నగరానికి వస్తుంది. ఇది వేడుకే, అయినా అందులోని అర్థం వేడుకకు మించినది. రథం తనదని తలచే రాజుకు ఏటేటా ఒక రాత్రి అది తనది కాదని తెలియజేస్తారు. లాగేవారితో సహపంక్తి భోజనం చేసినవానికే బండి దక్కుతుంది. చరిత్రలో ఈ నియమాన్ని పాలకులు మరచిన సందర్భాలు లేకపోలేదు. 1876లో ప్రజలు జగదల్పూరును చుట్టుముట్టినారు. దసరాకు చివర రాజూ గ్రామపెద్దలూ ఎదురెదురుగా కూర్చుండి కష్టసుఖాలు చెప్పుకొనే మురియా దర్బారు ఆ సంవత్సరంలోనే ఆరంభమైనదని చెప్పుతారు. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగినది. అడవిని ప్రభుత్వం తన కట్టడిలోనికి తీసికొనడం దాని ముఖ్యకారణాలలో ఒకటి. అడవిపై హక్కు లేనివారికి రథపు మ్రాను కూడా పరాధీనమే కదా.

రాజ్యం పోయిన తరువాత రథం ఏమైనది? 1948 జనవరిలో బస్తరు సంస్థానం భారతదేశంలో విలీనమైనది. చివరి పాలకుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్. కేంద్రప్రభుత్వం 1961లో ఆయనకు మాజీ పాలకుని గుర్తింపు తొలగించినది. ఆ సంవత్సరమే మార్చి 31న లోహండీగూడాలో కాల్పులు జరిగినవి. 1966 మార్చి 25న జగదల్పూరు రాజభవనంలోనే పోలీసు కాల్పులలో ఆయన అనేకమంది గిరిజనులతోపాటు మరణించినాడు. ఒకప్పుడు రథంపై దేవి ఛత్రంతోపాటు రాజు కూర్చుండేవాడు. నేడు అక్కడ ఛత్రం మాత్రమే ఉన్నది. పండుగ నిర్వహణలో ప్రభుత్వాధికారులు, ప్రజాప్రతినిధులు, మాంఝీలు, చాలకీలు అనబడే సంప్రదాయ పెద్దలు కలిసి పాల్గొంటున్నారు. రాజవంశీకులు కుమ్డాకోట్‌లో నేటికీ కొత్తబియ్యం తింటారు. నిజాము శకటం విషయంలో రాజు పోగా బండి మిగిలినది, దానిని లాగే ప్రజ ఎన్నడూ లేదు. బస్తరులో రాజపీఠం ఖాళీ అయినా బండి ఆగలేదు. అది రాజుపై ఆధారపడినది కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావలె?

అయితే ఈ మార్గం నిష్కంటకమైనదని చెప్పజాలను. దానికి గల లోపాలు రెండు. మొదటిది చరిత్రకారునికి సంబంధించినది. కొయ్యను మార్చుతూ పోయినవారు సాక్ష్యాన్ని కూడా మార్చుతూ పోయినారు. పురుషోత్తమదేవుని నాటి చక్రం ఎంత వెడల్పో ఈనాడు రథాన్ని కొలిచి చెప్పలేము. 1911లో పురమాయించిన శకటంలో ఏ మర ఎక్కడ బిగించినారో మాత్రం చూచి చెప్పగలము. కావున సేకర్తల విద్యను చిన్నచూపు చూడరాదు, వారు కాపాడుతున్నది ఒక విధమైన శాసనం. రెండవ లోపం ఇంకా తీవ్రమైనది. వస్తువును తాళంవేసి కాపాడవచ్చును. విద్యను కాపాడవలెనంటే మనుషులు తమ ఊళ్ళలో, తమ అడవి దగ్గర ఉండవలె. ఒక తరం చెదిరితే చాలు.

ఆ చెదరడాన్ని తెలుగువారు కండ్లార చూచినారు. 2005 తరువాత దక్షిణ బస్తరులో హింస పెచ్చుపెరిగి, వేలాది ఆదివాసులు ఊళ్ళు విడిచి ఖమ్మం, వరంగల్లు, గోదావరి మన్యాలకు వచ్చినారు. ఇక్కడ వారిని గుత్తికోయలు అంటున్నారు. వారి గుడిసెలు, వారి పోడు, వారి పిల్లల చదువు అన్నీ వివాదాస్పదాలైనవి. సుమారు ఏడువందల సంవత్సరాల క్రిందట ఓరుగల్లు విడిచిన మన రాజకుమారునికి బస్తరు అడవి దారి ఇచ్చినదని గర్వంగా చెప్పుకొంటున్నాము. ఆ అడవి బిడ్డలు అదే దారిన తిరిగివస్తే మన నోటికి వచ్చిన మొదటి మాట 'వలస'. రథపు త్రాళ్ళు పేనే గ్రామాలే చెదిరినవని నేననడం లేదు. పండుగ ప్రతి సంవత్సరం సాగుతూనే ఉన్నది. కాని ఊరిని విడిచినవాడు తన ఊరి వంతును, తన దేవత పల్లకిని, తన చేతిపనిని కూడా విడిచివస్తాడు. పాత కారు తుప్పుపట్టితే కనబడుతుంది. విద్య తుప్పుపట్టడం ఎవరికీ కనబడదు.

మన వాఙ్మయానికి ఇది కొత్త విషయం కాదు. నన్నయ వ్రాసిన తాటాకు నేడు లేదు, తిక్కనదీ లేదు. తాటాకు కొన్ని శతాబ్దాలకంటె నిలువదు. చివికిపోకముందే ఎవడో ఒక లేఖకుడు కూర్చుండి మరొక ఆకు మీదికి ఎత్తి వ్రాసినాడు, అతని మనుమని కాలంలో మరొకడు వ్రాసినాడు. భారతం వారి చేతులమీదుగా మనవరకు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించేనాటికి, ఎత్తి వ్రాసే ఆ అలవాటు సన్నగిల్లుతున్నది. ఆయన పనిలో రెండు మార్గాలూ కలిసినవి. పాత ప్రతిని భద్రపరచినాడు, కొత్త ప్రతిని వ్రాయించినాడు. భద్రపరచకపోతే పోల్చడానికి ఆధారం లేదు, వ్రాయించకపోతే చదవడానికి ప్రతి లేదు. రథమైనా, కావ్యమైనా, బండి అయినా ఈ రెండు చేతులూ కావలె.

ఈనాటి చట్టం మొదటి చేతిని గుర్తించినది. యాభై ఏండ్ల కారుకు రెండు అక్షరాల గౌరవం దొరకుతున్నది. మంచిదే. రెండేండ్ల కొయ్యతో శతాబ్దాల రథాన్ని నిలిపిన వడ్రంగికి అట్టి అక్షరాలు ఎవరిస్తారు? వాటిని ఇవ్వవలసినవారు రచయితలేనని నా మనవి. రథనిర్మాణంలో వాడే పనిముట్లకు, కొలతలకు, కీళ్ళకు హల్బీ భాషలో పేర్లున్నవి. ఏ మ్రాను ఏ అంగానికి పనికివస్తుందో, ఏ పగులు ప్రమాదకరమో, ఏది కాదో చెప్పే మాటలున్నవి. కోటిపల్లి తేరునో, కాళహస్తి తేరునో కట్టే మన వడ్రంగుల మాటలతో వాటిని ప్రక్కన పెట్టి చూచిన నిఘంటువు మనకు అవసరం. ఒకరు రెండు దసరాలు సిరహాసార్‌లో కూర్చుంటే రెండు రథాల మాటలూ వినవచ్చును, ఏలనంటే ఒక ఏడు నాలుగు చక్రాలవీ, మరుసటి ఏడు ఎనిమిది చక్రాలవీ వినబడుతవి. దంతేవాడలో రెండవ రాయి చెక్కించినవారు చదివేవారిని దృష్టిలో పెట్టుకొని ఆ పని చేసినారు. రథం మాటలను ఒక భాషనుండి మరొక భాషలోనికి ఎత్తి వ్రాయడం కూడా ఆ జాతి పనియే. వచ్చే శ్రావణ అమావాస్యనాడు జగదల్పూరులో మరల ఒక మొద్దుకు పూజ జరుగుతుంది.